ఊళ్లో ఎవరికెంత పడ్డది?

సర్కారు రైతుల ఖాతాల్లో పైసలు వేసిన ప్రతిసారీ మన ఊళ్లల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది గట్టిగా అడిగేది: "నాకు పడ్డయా?" రెండోది గొంతు తగ్గించి అడిగేది: "ఆయనకెంత పడ్డది?" మొదటి ప్రశ్నకు జవాబు ఫోన్‌లోనే దొరుకుతుంది. రెండోదాన్ని మనవాళ్లు కడుపుమంట కింద జమకట్టి కొట్టిపారేస్తారు. నాకు మాత్రం ఆ రెండో ప్రశ్నే అసలైనదనిపిస్తుంది. ప్రజల సొమ్ము ఎటు పోయిందో అడగడానికి ఊళ్లో మనిషికి ఉన్న భాష అదే మరి.

2020 వేసవిలో ఈ ప్రశ్నను నేను రోజూ విన్నాను. ఆఫీసు మూతపడి, ల్యాప్‌టాప్ పట్టుకుని నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపున్న మా ఊరికి వచ్చేసిన రోజులవి. సిగ్నల్ కోసం డాబా మీద కూర్చుని పనిచేస్తుంటే కింద నుంచి ఎవరో ఒకరు ఫోన్ చూపించేవారు. "తమ్మీ, గీ మెసేజి ఏమొచ్చిందో సూడరాదు" అని. బ్యాంకు మెసేజ్ ఇంగ్లిషులో ఉంటుంది కదా. చదివి చెప్పేవాణ్ని. వెళ్తూ వెళ్తూ ఆ రెండో ప్రశ్న అడిగేవారు.

అప్పుడు వచ్చిన పైసల సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. లాక్‌డౌన్ రెండో రోజు, మార్చి 26న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లక్షా 70 వేల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో రైతు వాటా ఏమిటంటే, పీఎం-కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6 వేలలో ఒక వాయిదా 2 వేలను ఏప్రిల్ మొదట్లోనే వేయడం. దేశం మొత్తం మీద దాదాపు 8.7 కోట్ల మందికి. కొత్తగా ఇచ్చిందేమీ లేదు, రావాల్సినవే ముందు వచ్చాయి. ఇక్కడ రాష్ట్రంలో సర్కారు ఉద్యోగుల జీతాల్లో సగం కోత పెట్టి, ప్రజాప్రతినిధుల జీతాలు 75 శాతం తగ్గించిన సమయంలో కూడా రైతుబంధు ఆపలేదు. మే నెలలో దాని కోసం 7 వేల కోట్లు, 25 వేల లోపు పంట అప్పుల మాఫీకి ఇంకో 1,200 కోట్ల దాకా విడుదల చేశారు. జూన్ చివరి వారంలో 50 లక్షల మందికి పైగా ఖాతాల్లో ఎకరాకు 5 వేల చొప్పున పడ్డాయి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి 1,500, మనిషికి 12 కిలోల బియ్యం వేరే.

ఆ పైసలు చాలా ఇండ్లను నిలబెట్టాయి. బత్తాయి తోటల్లో కాయ రాలిపోతుంటే లారీ దొరకని వేసవి అది. విత్తనాల టైముకు చేతిలో 10 వేలు ఉండటమంటే ఏమిటో షావుకారు దగ్గర చేయి చాపిన వాళ్లను అడగాలి. పైసలు ఇవ్వడం తప్పని నేను అనను. ఎవరికి ఇచ్చారో ఊరికి కనపడాలి అంటాను.

నా పేరూ ఉంది

ముందు నా సంగతి చెప్పాలి. మా తాత పోయాక ఆయన చెలకలో 2 ఎకరాల 10 గుంటలు నా పేరు మీదికి వచ్చింది. పత్తి చేను. దున్నేది నేను కాదు, మాకు వరసకు కాక అయ్యే ఒకాయన కౌలుకు చేస్తాడు. ఉగాదికి మాట్లాడుకుంటారు, కాగితం ఉండదు. విత్తనం ఆయనది, మందు ఆయనది, వాన రాకపోతే నష్టమూ ఆయనదే. రైతుబంధు 11,250 రూపాయలు మాత్రం నా ఫోన్‌లో మోగేవి.

ఆ పైసలు కౌలులో కోసుకొమ్మని కాకకు చెప్తే, మా నాన్నకే నచ్చలేదు. "మనం ఇస్తే ఊరంతా మనను జూపెట్టి అడుగుతరు బిడ్డా, నలుగురితోని మాటొస్తది" అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. మా ఊళ్లో సగం మంది పట్టాదారులకు హైదరాబాద్‌లో ఉద్యోగాలో, వ్యాపారాలో ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే అదే భూమికి పీఎం-కిసాన్ జాబితాలో నా పేరు లేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు అది రాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, నాలుగో తరగతి మినహా సర్కారు ఉద్యోగులు, నెలకు 10 వేలు దాటిన పింఛనుదారులు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, వకీళ్లు కూడా అందులో అనర్హులే. రైతుబంధుకు ఆ గీతలేవీ ఉండేవి కావు. పట్టాదారు పాసుపుస్తకం ఉంటే సరిపోయేది. ఎన్ని ఎకరాలైనా సరే, చేతిలో నాగలి ఉన్నా లేకపోయినా సరే. 20 ఎకరాలుంటే ఒక్క పంటకు లక్ష వచ్చేది. అక్కర లేనివాళ్లు వదులుకోవచ్చన్నారు. కొందరు నాయకులు చెక్కులు తిరిగి ఇచ్చి ఫొటోలు దిగారు కూడా.

2021 వానాకాలంలో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మంది లబ్ధిదారులున్న జిల్లా మా నల్లగొండే. 4.72 లక్షల మంది, 12 లక్షల ఎకరాల పైన, దాదాపు 608 కోట్లు. భాగిస్తే మనిషికి రెండున్నర ఎకరాలు. సగటు చెప్తే అందరూ చిన్న రైతులే అనిపిస్తుంది. నిజంగానే ఎక్కువ మంది చిన్న రైతులే. కానీ ఆ సగటులో అర ఎకరం ఉన్న అవ్వ ఉంది, నేనున్నాను, విజయవాడ హైవే పక్కన ప్లాట్లు కొట్టినా రికార్డుల్లో ఇంకా సాగుభూమిగానే నడిచే వెంచర్లూ ఉన్నాయి. జిల్లా మొత్తం ఒక్క అంకెలో చెప్తే వీళ్లలో ఎవరూ కనపడరు.

షామియానా కింద నుంచి ఫోన్ లోపలికి

రైతుబంధు మొదలైన పద్ధతి మీకు గుర్తుందా? 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. ఊరూరా షామియానాలు వేశారు. అధికారులు కూర్చుని పేరు పిలిచి, పాసుపుస్తకం చూసి, చెక్కు చేతిలో పెట్టారు. అప్పుడు ఎకరాకు 4 వేలు. ఎండలో లైన్లో నిలబడటం తిప్పలే, చెక్కు మార్చుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగడం ఇంకో తిప్ప. అయితే ఒక సంగతి అనుకోకుండా జరిగింది. ఎవరి పేరు పిలిచారో ఊరంతా విన్నది. దుబాయిలో ఉన్నాయన చెక్కు పక్కన పెట్టారని, చనిపోయినాయన పేరు పిలిస్తే జనం నవ్వారని, ఫలానా పటేలు కట్టలో ఎన్ని చెక్కులున్నాయని అక్కడికక్కడే తెలిసిపోయింది. ఎవరూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టలేదు. చెవులుంటే చాలు.

అదే ఏడాది యాసంగికి ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల కాలంలో చెక్కులు పంచొద్దని ఎన్నికల సంఘం అనడంతో పైసలు నేరుగా ఖాతాల్లోకి వెళ్లాయి. ఆ తర్వాత అదే ఖాయమైంది. సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా ఈ మార్పు నాకు ముచ్చటగానే ఉంటుంది. మధ్యవర్తి లేడు, లంచం లేదు, రోజుల్లో వేల కోట్లు కదిలిపోతాయి. 2025 జూన్‌లో దాదాపు 9 వేల కోట్లు తొమ్మిది రోజుల్లో వేశామని ఇప్పటి సర్కారు చెప్పుకుంది. చిన్న పని కాదు అది. కానీ షామియానా పోవడంతో ఊరి చెవులు కూడా పోయాయి. పైసలు ఇచ్చేవాడికి, తీసుకునేవాడికి మధ్య రహస్యంలా తయారైంది.

ఊరు ఊరుకుంటుందా? దానికీ ఒక ఉపాయం కనిపెట్టింది. పైసలు మొదటి రోజు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, ఆ తర్వాత మూడెకరాల వాళ్లకు అన్నట్టు వరుసగా వేసేవారు. మెసేజ్ ఎన్నో రోజు వచ్చిందో పట్టుకుని ఎవరికెన్ని ఎకరాలో చాయ్ హోటల్ దగ్గర లెక్క కట్టేవారు. ప్రభుత్వం చెప్పని జాబితాను జనం ఇట్లా తయారు చేసుకున్నారు. నేను చూసిన డేటా విశ్లేషణల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు.

నా పాసుపుస్తకం నంబరు కొట్టి నా పైసల సంగతి చూసుకునే వీలు రైతుబంధులో ఉండేది. పీఎం-కిసాన్‌లో ఒక అడుగు ముందుకు వేసి, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లన్నీ ఎవరికైనా కనపడేలా పెట్టారు. గ్రామ పంచాయతీలో జాబితా అంటించాలని కూడా ఆ పథకం మార్గదర్శకాల్లో ఉంది. మంచిదే. ఆ వేసవిలో ఒకసారి ఆ జాబితా తెరిచి కాకకు చూపించాను. ఇంగ్లిషు అక్షరాల్లో పేర్లు, పక్కన ఆడా మగా అన్న వివరం. "ఇదేందిరా, మనూరేనా ఇది?" అన్నాడు. ఊరి పేరు స్పెల్లింగు నాకే దొరకడానికి ఐదు నిమిషాలు పట్టింది. తెలుగు మాత్రమే చదివే ఊరికి ఇంగ్లిషు జాబితా పెట్టడం బావి తవ్వి చేద ఇవ్వకపోవడం లాంటిది.

పేర్లు బయట ఉంటే ఏమవుతుంది?

తమిళనాడు కథ చూడండి. కరోనా సమయంలోనే, 2020 ఆగస్టులో, కళ్లకురిచ్చి, విళుపురం, కడలూరు వంటి జిల్లాల్లో పీఎం-కిసాన్ లబ్ధిదారుల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయింది. రైతులే సొంతంగా నమోదు చేసుకునే వీలు కల్పించారు కదా, దాన్ని దళారులు వాడుకున్నారు. అధికారుల లాగిన్లు, పాస్‌వర్డులు చేతులు మారాయి. భూమి లేని వాళ్లను రైతులుగా ఎక్కించి, వాటా తీసుకున్నారు. కరోనా సాయం వస్తుందని చెప్తే ఆధార్ ఇచ్చిన పేదలు కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. 110 కోట్ల దాకా ఇట్లా పోయిందని అప్పటి వ్యవసాయ కార్యదర్శి గగన్‌దీప్ సింగ్ బేడీ సెప్టెంబరులో చెప్పారు. 80 మంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి, అరెస్టులు జరిగాయి. పంచాయతీ గోడ మీద వారం వారం ఆ పేర్లు తెలుగులోనో తమిళంలోనో అంటించి ఉంటే, భూమి లేని పక్కింటాయన రైతు ఎప్పుడయ్యాడని మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడిగేవారు. లాగిన్ ఎంత గట్టిగా తాళం వేసినా లోపలివాడే తాళం ఇస్తే ఏం చేస్తాం? బయటి కళ్లు కావాల్సిందే.

జాతీయ స్థాయిలో కూడా లెక్క బయటపడింది సమాచార హక్కు దరఖాస్తు వల్లనే. కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్‌కు చెందిన వెంకటేశ్ నాయక్ అడిగితే, 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయని కేంద్ర వ్యవసాయ శాఖ జవాబిచ్చింది. 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. వాళ్లలో సగం మందికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లు. నాలాంటి వాళ్లే అన్నమాట.

మన దగ్గర ఈ చర్చ రాజకీయంగా పేలింది 2024 డిసెంబరులో. రైతుబంధు కింద గుట్టలకు, రోడ్లకు, రియల్ ఎస్టేట్ వెంచర్లకు 22 వేల కోట్లకు పైగా పోయిందని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో అన్నారు. ప్రతిపక్షం కాదన్నది. టీవీల్లో రెండు రోజులు అరుచుకున్నారు. ఊళ్లో ఉన్న మనిషికి ఆ 22 వేల కోట్లతో పనిలేదు. మా ఊరి ఫలానా సర్వే నంబరులో రాళ్ల గుట్టకు ఎన్నిసార్లు, ఎవరి పేరు మీద పడ్డాయో చెప్తే, అది నిజమో అబద్ధమో పది నిమిషాల్లో ఊరే తేలుస్తుంది. కోట్ల లెక్క నమ్మడమో నమ్మకపోవడమో పార్టీని బట్టి ఉంటుంది. సర్వే నంబరు లెక్కకు మాత్రం గుట్టే సాక్షి.

ఏ జాబితాలోనూ లేనివాళ్లు

పేర్లన్నీ బయటపెట్టినా తేలని సంగతి ఒకటుంది. మా కాక పేరు ఏ జాబితాలో వెతికినా దొరకదు.

రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లో, 34 ఊళ్లలో, 7,744 మంది రైతుల ఇండ్లకు వెళ్లి అడిగితే, దాదాపు 36 శాతం మంది కౌలుకు చేస్తున్నవాళ్లే అని తేలింది. అంటే ముగ్గురిలో ఒకరు. అంతకు ముందు 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులతో కలిసి ఆత్మహత్యలు జరిగిన 692 రైతు కుటుంబాలను కలిస్తే, ప్రతి నలుగురిలో ముగ్గురు కౌలు రైతులు. పట్టా లేనందుకు రైతుబంధు రాలేదు. పట్టా లేనందుకే, మనిషి పోతే 5 లక్షలు ఇచ్చే రైతుబీమా కూడా లేదు. సొంతంగా కుంటెడు భూమి ఉన్న కౌలుదారు ఇంటికి బీమా వస్తుంది, ఏమీ లేనివాడి ఇంటికి రాదు. ఎక్కువ ఆపదలో ఉన్నవాడికి తక్కువ అన్నట్టు.

దీనికి ఒక చట్టం ఉంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతుకు ఏడాదికోసారి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఇది రద్దు కాలేదు. కానీ 2017 భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత పహాణీలో దున్నేవాడి పేరు రాసే అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. ధరణిలోనూ అంతే. డేటాబేస్ పనిలో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలమ్ తీసేస్తే ఆ మనిషి లెక్కలో లేనట్టే. ఆ తర్వాత ఎంత పారదర్శకంగా జాబితా అచ్చేసినా అతను రాడు. కౌలు అనేది యజమానికి, కౌలుదారుకు మధ్య సొంత వ్యవహారం, సర్కారు తల దూర్చదు అన్నది అప్పటి ప్రభుత్వ వాదన. సరే. కానీ అదే మనిషి వడ్లు కొనుగోలు కేంద్రానికి తెచ్చినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు అడుగుతారు కదా. అప్పుడు మాత్రం సొంత వ్యవహారం సర్కారు వ్యవహారం ఎట్లయితది?

అనుభవదారు కాలమ్ వస్తే భూమి పోతుందని పట్టాదారులకు భయం. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ముఖ్యంగా పాలమూరు వైపు వెళ్తే.

మా నల్లగొండలో ఊళ్లో లేని పట్టాదారు అంటే ఎక్కువగా నాలాంటివాడు. హైదరాబాద్ అపార్ట్‌మెంటు, అమెరికా బావమరిది. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు కథ వేరు. కోస్గి, మద్దూరు, మక్తల్ పక్క ఊళ్లల్లో భూమి వదిలి వెళ్లిన పట్టాదారు ముంబైలోనో పుణెలోనో ఇసుక మోస్తుంటాడు. నీళ్లు లేని మూడెకరాల చెలకను పక్కవాడికి అప్పజెప్పి, పిల్లలను ముసలమ్మ దగ్గర వదిలి పోయినవాడు. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు లారీలెక్కి, నడిచి వచ్చింది వీళ్లే. నాకు తెలిసిన పాలమూరు మేస్త్రీ ఒకాయన ఆ జూన్‌లో వచ్చిన రైతుబంధుతోనే రెండు నెలలు ఇల్లు నడిపాడు. ఆయన చేను చేసే కౌలుదారుకు కూడా అవే పైసలు కావాలి. ఇద్దరిలో ఎవరు పేద? "నేను బొంబయి పోయిన్నని నా భూమి కాకుంట వోతదా సారూ?" అని అడిగాడు నన్ను. నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరులో ఒక్క పేరుకే చోటుంటే ఇద్దరిలో ఒకరు తప్పక అబద్ధమవుతారు. రెండు కాలమ్‌లు ఉంటే, హక్కు ఒకరిది సాగు ఒకరిది అని రాస్తే, కనీసం ఎవరికి ఏమివ్వాలో మాట్లాడుకోవచ్చు.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకూ ఇస్తామన్నది. 2025 జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో రైతు భరోసా ప్రారంభమైంది. ఎకరాకు ఏడాదికి 12 వేలు, మళ్లీ పట్టాదారుకే. అదే రోజు మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమి లేని ఉపాధి కూలీలకు, ఏడాదికి 12 వేలు. సొంతంగా అర ఎకరం ఉండి ఐదెకరాలు కౌలు చేసేవాడు ఈ రెండింటి మధ్య జారిపోయాడు. వాడికి వచ్చేది ఆ అర ఎకరానికే.

మరి గోప్యత?

పేర్లు, పైసలు బయటపెడితే అప్పులవాడు వచ్చి ఇంటి ముందు కూర్చోడా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పాత బాకీ కింద రైతుబంధు పట్టుకున్న బ్యాంకులున్నాయి. వద్దని సర్కారే చెప్పాల్సి వచ్చింది.

ఐరోపాలో ఇదే గొడవ కోర్టు దాకా పోయింది. అక్కడ రైతు సబ్సిడీలు తీసుకున్న వాళ్లందరి పేర్లూ ఇంటర్నెట్‌లో పెడితే జర్మనీ రైతులు కేసు వేశారు. చిన్నా పెద్దా చూడకుండా వ్యక్తుల పేర్లన్నీ పెట్టడం గోప్యతకు మితిమీరిన భంగమని 2010 నవంబరులో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. తర్వాత 2013లో కొత్త నియమం తెచ్చారు. పేర్లు పెట్టాలి, అయితే ఏడాదికి సుమారు 1,250 యూరోల లోపు చిన్న మొత్తం తీసుకున్నవాళ్ల పేరు దాచాలి. అమెరికాలో ఇంకో దారి. 2020 ఏప్రిల్‌లో కరోనా పేరుతో రైతులకు 1,600 కోట్ల డాలర్ల నేరు సాయం ప్రకటించారు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ సమాచార చట్టం కింద రికార్డులు తెప్పించి, ఎవరికెంత వచ్చిందో పేరుతో సహా వెతుక్కునేలా ఏళ్లుగా పెడుతోంది. పెద్ద కమతాలకే పెద్ద వాటా పోతోందన్న చర్చ అక్కడ దాని మీదనే నడుస్తుంది.

నాకు యూరప్ వాళ్ల గీత నచ్చింది. ఎకరం రెండెకరాల వాడి పేరు ప్రపంచమంతా చూసే ఇంటర్నెట్‌లో ఎందుకు? ఊరి గోడ మీద చాలు, ఊరికి ఎట్లాగూ తెలిసిందే. పదెకరాలు దాటినవాళ్ల పేర్లు, మొత్తాలు అందరికీ కనపడాలి. నా పేరు ఊరి గోడ మీద ఉంటే నాకేం అభ్యంతరం లేదు. కింద కాక పేరు కూడా ఉండాలి.

గోడలు కూడా ఉన్నాయి. ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, అదీ కరోనా ఏడాదిలోనే. చాలాచోట్ల తాళం వేసి ఉంటాయి. వాటి బయటి గోడలకు రంగు తప్ప ఏమీ లేదు.

గోడ మీద రాయడం, చదివి వినిపించడం మన రెండు జిల్లాలకు కొత్త కాదు. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. ఆ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ తప్పనిసరి చేసింది. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి, ఫలానా ఆమె పేరు మీద ఇన్ని రోజుల కూలి అని మైకులో చదివారు. "నేను ఆ వారం పనికే పోలే" అని లేచి నిలబడ్డ ఆడవాళ్లు ఉన్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జనసున్‌వాయిల దారి అది. రోజు కూలి తీసుకునే మనిషి లెక్కను నలుగురిలో చదువుతాం. ఎకరాల లెక్కన తీసుకునేవాళ్ల లెక్క ఎందుకు చదవం? ఈ తేడా నాకు మింగుడుపడదు.

2025 జనవరి 21 నుంచి 24 దాకా జరిగిన గ్రామసభల్లో ఆ పాత వాసన కొంచెం తిరిగొచ్చింది. రేషన్ కార్డులు, ఇండ్ల జాబితాలతో పాటు, సాగుకు పనికిరావని తేల్చిన భూముల వివరాలూ ముందు పెట్టారు. చాలాచోట్ల జనం తిట్టారు, కుర్చీలు లాగారు, అధికారులు పోలీసులను పెట్టుకున్నారు. పేపర్లు దాన్ని రభస అని రాశాయి. నాకైతే అందులో తప్పు కనపడలేదు. జాబితా తెలుగులో, ఊళ్లో, గొంతెత్తి చదివితే అట్లాగే ఉంటుంది మరి.

అడగాలంటే ఎట్లా?

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 12వ అంశం చూడండి. సబ్సిడీ పథకాల్లో కేటాయించిన మొత్తం, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని అందులో ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అదే సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు నిరాకరించేలా చేసింది. అయినా 12వ అంశం అట్లాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) కూడా ఉంది. దరఖాస్తులో ఈ రెండింటినీ రాయండి.

తెలుగులో తెల్ల కాగితం మీద రాస్తే చాలు. ఊరి స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పేదరికపు రేఖకు దిగువన ఉంటే అదీ లేదు. మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. మీ ఊరి పేరు, ఏ పంటకాలమో రాసి, సర్వే నంబరు వారీగా ఎన్ని ఎకరాలకు ఎంత ఇచ్చారో, ఆపేసిన సర్వే నంబర్లు ఏవో, ఎందుకు ఆపారో అడగండి. ఎవరి ఆధార్ నంబరూ, ఖాతా నంబరూ, ఫోన్ నంబరూ అడగొద్దు. అవి మనకు అక్కర్లేదు, అవి అడిగితే మొత్తం దరఖాస్తు తిప్పి పంపడానికి సాకు దొరుకుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయొచ్చు, దానికీ 30 రోజుల గడువు. కాగితం వచ్చాక ఇంట్లో పెట్టుకోకండి. గ్రామసభ రోజు తీసుకెళ్లి, ఇంగ్లిషులో ఉంటే తెలుగులో రాసి, ఊళ్లో చదువుకునే పిల్లల చేత పెద్దగా చదివించండి.